ఉగాది పచ్చడి: ప్రసాదంలో చేదు ఎందుకు?

తెలుగువారి ప్రతి పండుగకూ ఒక నివేదన ప్రసిద్ధమై ఉన్నది. సంక్రాంతికి అరిసెలు, వినాయక చవితికి ఉండ్రాళ్ళు, శ్రీరామనవమికి పానకమూ వడపప్పూ. ఇవన్నీ నాలుకకు ఇంపైనవే. సంవత్సరానికి తొలి పండుగ అయిన ఉగాది నాడు మాత్రం, అభ్యంగన స్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకొని, పరగడుపున మొట్టమొదట స్వీకరించే పదార్థంలో చేదును మనమే ఏరి తెచ్చి కలుపుతాము. దానిని ముందుగా దేవునికి నివేదిస్తాము. ఆ తరువాత ఇంటిల్లిపాదీ తప్పక పుచ్చుకోవాలని పట్టుబడతాము. ఇష్టం లేని రుచిని ఇంత శ్రద్ధగా ప్రసాదం చేసుకొన్న ఆచారం మన పండుగలలో మరొకటి నాకు కనిపించదు.

ఆలయంలో ఉగాది నాటి పచ్చడి వితరణలో నేను కొన్నేళ్ళుగా సేవకునిగా ఉంటున్నాను. ఇటీవలి సంవత్సరాలలో వరుసలో నిలబడిన భక్తుల నుండి ఒక మాట తరచుగా వినవస్తున్నది: "చేదు లేనిది ఉందా అండీ?" పిల్లల కోసం కొందరు, తమకోసమే కొందరు అడుగుతారు. అడిగినవారిని తప్పు పట్టనవసరం లేదు. కాని వేపపువ్వు లేని ఉగాది పచ్చడి ఉగాది పచ్చడి అవుతుందా అన్న ప్రశ్నకు, గరిటె చేత పట్టుకొని, వెనుక వందమంది నిలిచి ఉండగా సమాధానం చెప్పే వ్యవధి ఉండదు. ఆ సమాధానాన్ని ఇక్కడ విన్నవించుకొంటున్నాను.

శాస్త్రం పెట్టిన పేరు

మనం వాడుకలో ఉగాది పచ్చడి అంటున్న దానికి సంప్రదాయంలో ఉన్న పేరు నింబకుసుమ భక్షణం. నింబమంటే వేప, కుసుమమంటే పువ్వు. తైలాభ్యంగనం, నూతన వస్త్రధారణ, నింబకుసుమ భక్షణం, పంచాంగ శ్రవణం, ప్రపాదానం అనేవి చైత్ర శుద్ధ పాడ్యమి నాటి విధులుగా పెద్దలు చెబుతారు. గమనించవలసినదేమంటే, ఆ పేరులో బెల్లం లేదు, మామిడి లేదు, చింతపండు లేదు. ఉన్నది వేపపువ్వు ఒక్కటే. దానిని స్వీకరించేటప్పుడు పఠించే శ్లోకం కూడ వేపనే స్మరిస్తుంది. వజ్రంవంటి దేహం, నిండు నూరేళ్ళ ఆయుష్షు, సకల సంపదలు, సర్వారిష్ట నివారణ అనేవి ఆ వేప వలన కలిగే ఫలాలని చెబుతుంది.

అంటే విధి వేపది. మిగిలిన అయిదు రుచులూ దాని చుట్టూ చేరినవి. చేదును ఒంటరిగా మింగమని బలవంతపెట్టక, తీపి పులుపుల తోడు కలిపి ఇంటిల్లిపాదికీ అందేటట్లు చేయడం మన తల్లుల చేతి నేర్పు. తోడు వచ్చినవారిని మిగుల్చుకొని పెళ్ళికుమార్తెనే వదలివేస్తే అది పెళ్ళి కానట్లే, వేపను విడిచిన పచ్చడి చింతపండు పానకమే అవుతుంది.

ఆరు రుచులు, ఆరు పదార్థాలు

మధురం, ఆమ్లం, లవణం, కటువు, తిక్తం, కషాయం అనేవి ఆయుర్వేదం చెప్పే షడ్రసాలు. ఇక్కడ ఒక పొరపాటు మన వ్యవహారంలో పాతుకొనిపోయినది. కటువంటే చేదనీ, తిక్తమంటే కారమనీ చాలమంది అనుకొంటారు. సంస్కృతంలో కటువంటే కారం, తిక్తమంటే చేదు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు మూడింటినీ కలిపి త్రికటు అంటారని గుర్తుంచుకొంటే ఈ సందేహం మళ్ళీ రాదు. కషాయమంటే వగరు.

బెల్లం తీపినీ, చింతపండు పులుపునీ, ఉప్పు లవణాన్నీ, వేపపువ్వు చేదునూ ఇస్తాయి. వగరు మామిడి పిందెది. టెంక ముదరని లేత పిందెను తొక్కతో సహా తరిగి వేయడంలోని ఆంతర్యం ఇదే. ముదిరిన కాయలో పులుపు మిగిలి వగరు తగ్గిపోతుంది. కారానికి నేడు కొందరు పచ్చిమిరపకాయ, కొందరు ఎండు కారం, కొందరు మిరియాల పొడి వేస్తారు. మిరప మన దేశపు పంట కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి వెంట సముద్రం దాటి వచ్చినది. అంతకు పూర్వం ఈ దేశంలో కారమంటే ప్రధానంగా మిరియమే. కనుక మిరియాల పొడి వేసేవారు పాత పద్ధతిని నిలుపుతున్నవారే. ఎన్ని వందల ఏళ్ళ ఆచారమైనా కాలంతోపాటు కొంత మారుతుందనడానికి ఇదొక నిదర్శనం. కారం వస్తువు మారినది, కారం మాత్రం తొలగిపోలేదు.

ఈ పదార్థాలలో చాలవరకు అప్పుడే చేతికి వచ్చినవి కావడం మరొక విశేషం. మాఘ ఫాల్గుణాలలో చెట్ల నుండి దులిపిన కొత్త చింతపండు, చెరకు గానుగలు ఆడిన తరువాత అంగడికి చేరిన కొత్త బెల్లం, తొలకాపు మామిడి పిందె, అదే పక్షంలో విచ్చుకొన్న వేపపూత. ఉగాది పచ్చడి కొత్త సంవత్సరపు రుచులన్నింటికీ తొలి నివేదన. సంక్రాంతికి కొత్త ధాన్యాన్ని దేవునికి సమర్పించినట్లే, వసంతంలో చెట్లు ఇచ్చిన దానిని ఉగాదికి సమర్పిస్తాము.

ప్రాంతానికొక తీరు

పేరు పచ్చడే అయినా తెలంగాణ ఇళ్ళలో ఇది చాలవరకు పానీయమే. కొత్త కుండకు పసుపు కుంకుమలు పెట్టి, మెడకు మామిడాకులు కట్టి, పలుచని చింతపండు పులుసులో బెల్లం కరిగించి, మామిడి ముక్కలూ వేపపువ్వూ వేసి, గ్లాసులలో పోసి తాగిస్తారు. కొందరు పుట్నాలు, కొబ్బరి ముక్కలు కూడ కలుపుతారు. ఇంటికి ఎవరు వచ్చినా ముందు ఆ కుండలోని పచ్చడి ఇచ్చి, తరువాతనే భక్ష్యాల విస్తరి వేస్తారు. కోస్తా జిల్లాలలో ఇది కొంత చిక్కగా ఉంటుంది. అరటిపండు ముక్కలు, చెరకు ముక్కలు చేరుతాయి. అరచేతిలో వేసుకొని తినేటట్లు చేస్తారు. పలుచనైనా చిక్కనైనా, ఉడికించకుండా పచ్చిగానే కలపడం అన్నిచోట్లా ఒకటే.

కన్నడిగులు యుగాది నాడు బేవు బెల్ల పంచుకొంటారు. బేవంటే వేప. వేపా బెల్లమూ, చేదూ తీపీ, ఆ రెంటితోనే వారు సంవత్సరమంతటినీ చెప్పివేస్తారు. మరాఠీలు గుఢీ పాడ్వా నాడు వేప చిగుళ్ళకు వాము, జీలకర్ర, ఇంగువ, మిరియాలు, ఉప్పు, బెల్లం వంటివి చేర్చి నూరి తింటారు. తమిళులకు సంవత్సరాది సౌరమానం ప్రకారం ఏప్రిల్ నడుమ వస్తుంది. వారు ఆనాడు బెల్లంతో వండిన మామిడికాయ పచ్చడిలో వేపపువ్వు వేస్తారు. తేదీలు వేరైనా, భాషలు వేరైనా, వండే తీరు వేరైనా, ఇందరి సంవత్సరాది విస్తరిలోనూ విడువకుండా కనిపించేది వేప.

ఈ కలయికను కన్నులారా చూడదలచినవారు ఉగాదికి శ్రీశైలం వెళ్ళవలెను. కర్ణాటక నుండి వేలాది భక్తులు అడవి దారులలో కాలినడకన వచ్చి మల్లన్ననూ భ్రమరాంబికనూ దర్శించుకొంటారు. అమ్మవారిని తమ ఇంటి ఆడపడుచుగా భావించి చీరె సారెలు సమర్పిస్తారు. ఒకే కొండపై, ఒకే నాడు, ఒకరు బేవు బెల్ల అనీ మరొకరు ఉగాది పచ్చడి అనీ ఒకే చెట్టు పువ్వును నోట వేసుకొంటారు.

వైద్యశాస్త్రం ఏమంటున్నది?

వేపపువ్వు తింటే సంవత్సరమంతా ఏ రోగమూ రాదని ప్రచారం చేయడం నాకు సమ్మతం కాదు. శ్లోకంలోనిది ఆశీర్వచనం. దానిని ఔషధం సీసాపై అంటించే చీటీగా మార్చరాదు. ఆయుర్వేదం చెప్పినది ఇంకా సున్నితమైన విషయం. హేమంత శిశిరాలలో శరీరంలో చేరిన కఫం వసంతపు ఎండకు కరిగి జఠరాగ్నిని మందగింపజేస్తుందనీ, ఈ ఋతువులో తీపి, పులుపు, గురువైన ఆహారం తగ్గించి, చేదు, కారం, వగరు రుచులను ఆశ్రయించాలనీ చరకుడూ వాగ్భటుడూ ఋతుచర్యలో బోధించారు. తీపి పులుపు ఉప్పులు కఫాన్ని పెంచేవి, చేదు కారం వగరులు దానిని అణచేవి. ఉగాది పచ్చడిలో ఆ మూడూ ఈ మూడూ సరిసమానంగా కూర్చున్నాయి. ఋతువు మారినది, ఆహారం మార్చుకో అని నాలుకకు చేసే హెచ్చరికగా దీనిని గ్రహించవచ్చును.

ఆధునిక శాస్త్రం చెప్పే ఒక సంగతి కూడ ఇక్కడ ఆలోచింపదగినది. మన నాలుకపై చేదును గుర్తించే గ్రాహకాలు దాదాపు 25 రకాలు. విషపదార్థాలు చాలవరకు చేదుగా ఉంటాయి గనుక, వాటి నుండి కాపాడుకొనడానికి ప్రకృతి ఇచ్చిన కావలి అది. పసిపిల్లలు చేదును పెద్దలకంటె గట్టిగా తిరస్కరించడానికి కారణమూ అదే. అంటే చేదును ఇష్టపడడం పుట్టుకతో వచ్చేది కాదు, అమ్మ చేతి మీదుగా నేర్చుకోవలసినది. పసివానికి ఒక్క పువ్వు రేకు చాలును. ఏటేటా ఒకటి పెరిగితే పదేళ్ళకు వాడే గ్లాసెడు అడిగి తాగుతాడు.

మధుమేహం ఉన్నవారికి ఒక మనవి. వేప కలిసినది గనుక బెల్లం బాధించదని భావించవద్దు. బెల్లం కూడ చక్కెర వలెనే రక్తంలో గ్లూకోజును పెంచుతుంది. తీర్థం వలె ఒక ఉద్ధరిణి పుచ్చుకొన్నా ప్రసాదం పుచ్చుకొన్నట్లే.

కలిపి ఇవ్వడంలోని మర్మం

తీపి సుఖానికీ, చేదు దుఃఖానికీ, పులుపు నేర్పుతో నడవవలసిన సందర్భాలకూ, వగరు కొత్త సవాళ్ళకూ, కారం సహనాన్ని పరీక్షించే ఘడియలకూ, ఉప్పు జీవితంలోని సారానికీ సంకేతాలని పెద్దలు చెప్పడం అందరమూ విన్నదే. నాకు ఇందులో మరింత లోతుగా తోచేది, ఆరింటినీ ఒకే పాత్రలో కలపడం. విస్తరిలో ఆరు పదార్థాలు వేరువేరుగా వడ్డిస్తే ఇష్టమైనది తిని కానిది నెట్టివేయవచ్చును. కలిపిన పచ్చడిలో ఆ వీలు లేదు. గుటకలో ఏది ముందు తగులుతుందో తెలియదు. ఒకరి గ్లాసులో బెల్లపు ముక్క, ఒకరి గ్లాసులో పువ్వుల గుత్తి. వడ్డించే చేయి చూసి వేసినది కాదు. ఎవరికి ఏది వచ్చినా అది ప్రసాదమే గనుక కళ్ళకద్దుకొని స్వీకరించాలి.

అటు తరువాతనే పంచాంగ శ్రవణం. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదు అంగాలతోపాటు, రాబోయే సంవత్సరపు ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు ఆనాడే వింటాము. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని విన్నా తెలుగువాడు నవ్వుతూనే ఇంటికి వెళ్ళగలగడానికి, అంతకుముందే చేదును కోరి పుచ్చుకొని ఉండడం ఒక కారణమేమో.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఒక ఉగాది నాడు వితరణ ముగియవచ్చిన వేళ ఒక పెద్దాయన గోపురం వెలుపలనే నిలబడి ఉండడం గమనించి పలుకరించాను. ఆ ఏడు ఆయన ఇంట భార్య కాలం చేసినదట. ఏటిసూతకం గనుక లోపలికి రావడం లేదు, ఇంట పండుగ లేదు. "పచ్చడి మాత్రం పుచ్చుకోవచ్చునా బాబూ?" అని అడిగారు. ఆచారాలు ఇంటికొక తీరుగా ఉంటాయి గనుక నేను లోపలికి వెళ్ళి అర్చకస్వామికి విన్నవించాను. ఆయన ఏమీ మాట్లాడక ఒక దొన్నెలో పచ్చడి పోసుకొని తామే గోపురం దాటి వెళ్ళి ఆ పెద్దాయన చేతికి అందించారు. ఆయన అక్కడే నిలబడి తాగి, అడుగున మిగిలిన వేపపువ్వును వేలితో తీసి నోట వేసుకొన్నారు. "మా ఇంట్లో కలిపేది ఆవిడే" అన్నారు. అంతే, నమస్కరించి వెళ్ళిపోయారు.

చేదు లేని ప్రసాదాన్ని ఆనాడు ఆయనకు ఇచ్చి ఉంటే అది ఎంత చప్పగా ఉండేదో అని నేను ఎన్నోసార్లు అనుకొన్నాను. ఉగాది వరుసలో నిలబడేవారందరి సంవత్సరమూ తీయగా గడిచినది కాదు. పంట పోయినవారు, ఆప్తులను పోగొట్టుకొన్నవారు, ఆసుపత్రి నుండి నేరుగా వచ్చినవారు ఉంటారు. వారు అనుభవించినది కూడ దేవుని ఎదుట నివేదనకు అర్హమైనదే అని ఆ చిన్న పువ్వు చెబుతుంది. చేదును తీసివేస్తే వారి పాలు తీసివేసినట్లే.

ఇంట చేసుకొనే విధానం

వేపపువ్వు సేకరణ ఓపికతో కూడిన పని. తెల్లవారుజామున చెట్టు కింద తడి లేని బట్ట పరచి కొమ్మను మెల్లగా కదిలిస్తే విచ్చిన పువ్వులు రాలుతాయి. రెమ్మలు కోసి తెచ్చినట్లయితే అరచేతుల నడుమ నలిపి, చేటలో చెరిగి, కాడలు తీసివేయాలి. దుమ్ముపడే రహదారి పక్కన చెట్లవి వాడకపోవడం మంచిది. మిగిలిన పువ్వును నీడన ఆరబెట్టి దాచుకొంటే ఏడాది పొడుగునా వేపపువ్వు చారుకు పనికివస్తుంది.

నలుగురైదుగురు ఉన్న ఇంటికి నిమ్మకాయంత కొత్త చింతపండు, రెండు గ్లాసుల నీరు, అరకప్పు తురిమిన బెల్లం, పావుకప్పు సన్నగా తరిగిన మామిడి పిందె ముక్కలు, చిటికెడు ఉప్పు, చిటికెడు మిరియాల పొడి, ఒక పెద్ద చెంచాడు శుభ్రం చేసిన వేపపువ్వు సరిపోతాయి. ముందు చింతపండు రసం తీసి వడకట్టి, బెల్లం కరిగించి, మిగిలినవి కలపాలి. వేపపువ్వును నివేదనకు ముందు, అన్నింటికంటె చివర వేయాలి. ముందే వేస్తే చేదు పులుసంతటికీ ఎక్కి తక్కిన రుచులను మింగివేస్తుంది. చివర వేస్తే ప్రతి రుచీ తన చోటున తాను నిలిచి పలుకుతుంది. చేదు ఎక్కువైనదని ఫిర్యాదు చేసేవారి ఇళ్ళలో చాలసార్లు జరిగేది ఈ క్రమం తప్పడమే. పువ్వు తగ్గించనవసరం లేదు, వేళ మారిస్తే చాలును.

చెట్టు ఉంటేనే పువ్వు

గ్రామదేవత గుడి ముందు వేపచెట్టు, రచ్చబండ మీద రావి వేపల జంట, పెరటిలో నీడకొక వేప అనేవి మన ఊళ్ళ రూపురేఖలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో వేపను రాష్ట్ర వృక్షంగా ప్రకటించినది. ఈ చెట్టు మనదని చెప్పుకొనడానికి న్యాయపోరాటం కూడ చేయవలసి వచ్చినది. వేపనూనెతో బూజు తెగుళ్ళను అరికట్టే పద్ధతిపై ఐరోపా పేటెంటు కార్యాలయం 1994లో అమెరికా ప్రభుత్వ వ్యవసాయ శాఖకూ, ఆ దేశపు ఒక కంపెనీకీ హక్కు ఇచ్చినది. మన రైతులకు అది ముందునుండి తెలిసిన విద్యే అని వాదించిన మీదట 2000లో ఆ పేటెంటు రద్దయినది. దానిపై చేసిన అప్పీలు 2005లో వీగిపోయినది.

2021లో తెలంగాణలో వేపచెట్లు ఊళ్ళకు ఊళ్ళుగా చిటారు కొమ్మల నుండి ఎండుతూ రావడం మనలో చాలమంది చూశారు. ఒక శిలీంధ్రం వలన వచ్చే కొమ్మ ఎండు తెగులని శాస్త్రవేత్తలు వివరించారు. చాల చెట్లు మళ్ళీ చిగిర్చాయి, అది మన అదృష్టం. కాని వేప ఎక్కడైనా ఉంటుందిలే అన్న ధీమా తగదని ఆనాడు తెలిసినది. పట్టణాలలో ఇప్పటికే ఉగాది ముందు రోజు వేపపువ్వును అంగడిలో గుప్పెడు లెక్కన కొంటున్నాము.

ఉగాది విధులలో చివరిదిగా చెప్పిన ప్రపాదానం ఇక్కడ స్మరింపదగినది. ప్రప అంటే చలివేంద్రం. ఎండలు ముదిరే నెలలంతా దారినపోయేవారి దాహం తీర్చే నీటిపందిరిని ఈనాడే ప్రారంభించమని శాస్త్రం. తాను చేదు పుచ్చుకొని ఎదుటివానికి చల్లని నీరు ఇవ్వమన్న ఈ క్రమంలో మన ధర్మమంతా ఇమిడి ఉన్నది. దాతలు చలివేంద్రం పెట్టదలచినచోట, దాని పక్కనే ఒక వేప మొక్కను నాటించి రెండు మూడేళ్ళు కంచె వేయించి కాపాడగలిగితే, పందిరి తీసివేసిన తరువాత కూడ ఆ నీడ నిలిచి ఉంటుంది. చైత్రం వచ్చినప్పుడు పువ్వూ ఉంటుంది.

రానున్న ఉగాదికి ఆలయానికి విచ్చేసే భక్తులకు నాది ఒక్కటే విన్నపం. దొన్నె చేతికి అందినప్పుడు పైన తేలిన పువ్వును పక్కకు నెట్టకండి. మీ వెంట వచ్చిన పిల్లలకు ఒక్క రేకైనా రుచి చూపించండి. వారు ముఖం చిట్లిస్తే నవ్వండి, వెంటనే ఒక బెల్లపు ముక్క ఇవ్వండి. తొమ్మిదవ నాడు శ్రీరామనవమికి తీయని పానకం ఎలాగూ ఉన్నది.